1839 నాటి వేగు నాటకానికి తుపాకులు: ఏవి సరైనవి, ఎలా చేయించాలి?

హంద్రీగాలి (కర్నూలు) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్ వేసుకునే పద్నాలుగు మంది కర్నూలు వాళ్ళం కలిసి ఒక నాటకం తయారు చేస్తున్నాము. కథాకాలం 1839. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగుచేస్తున్నాడన్న అనుమానంతో ఈస్టిండియా కంపెనీ వారు సైన్యాన్ని పంపడం, కోటను సోదా చేస్తే తోటల్లోనూ జనానా వైపునా దాచిన ఫిరంగులూ మందుగుండూ బయటపడటం, ఆ అక్టోబరు 18న జోహరాపురం దగ్గర పోరు జరగడం, తిరుచిరాపల్లికి పంపిన నవాబు 1840లో అక్కడే హత్యకు గురికావడం మన ఊరివారికి కొత్త సంగతులు కావు. మా నాటకం మాత్రం నవాబు గురించి కాదు. ఆ ఆయుధాలు ఎక్కడున్నాయో సోదాకు ముందే కనిపెట్టి రమ్మని కంపెనీ వారు పంపిన ఒక హర్కారా, అంటే వేగులవాడి గురించి. అతడు కల్పిత పాత్ర. గుర్రాల దాణా అమ్మే వ్యాపారి వేషంలో కోటలోకి వెళ్తాడు. నవాబు మనిషి ఒకడు అతడిని అనుమానించి నీడలా వెంటాడుతుంటాడు.

నాటకంలో తుపాకి కనిపించే సన్నివేశాలు మూడు. మొదటిది రాత్రిపూట తోటలో జరుగుతుంది: చీకట్లో గోడ చాటున పొంచి ఉన్న కాపలావాడు తుపాకితో ఒక్కసారిగా ముందుకు దూకి హర్కారాను నిలదీస్తాడు. రెండవది కోట నుంచి తప్పించుకునే సన్నివేశం. హర్కారా పిస్తోలు తీసి వెంట వస్తున్న వారిపై వరుసగా నాలుగు గుళ్ళు పేలుస్తాడు. మూడవది జోహరాపురం పోరు.

అద్దెకు దుస్తులూ సామాను ఇచ్చే ఒక దుకాణం నుంచి ఒక రివాల్వరూ, పోలీసువారి పాత రకం రైఫిళ్ళు నాలుగూ తెచ్చుకున్నాము. పోయిన వారం రిహార్సల్ చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన చివరిదాకా మౌనంగా కూర్చుని, లేచి వెళ్తూ, "ఆ రైఫిలు పుట్టేసరికి మీ నవాబు పోయి యాభై ఏళ్ళు దాటింది నాయనా" అని ఒక్క మాట అన్నారు. అప్పటి నుంచి మా ఎవరికీ ఆ సన్నివేశాలు చేయబుద్ధి కావడం లేదు.

కనుక నా ప్రశ్నలు ఇవి. 1839లో నవాబు మనుషుల చేతుల్లో, కంపెనీ సిపాయిల చేతుల్లో, ఒక వేగులవాడి నడుములో ఎలాంటి తుపాకులు ఉండి ఉంటాయి? వాటి నమూనాలను ఇక్కడే చేయించగలమా? మా సభ్యుడొకరి స్వగ్రామంలో తాతగారి నాటి మందు దట్టించే తుపాకి ఒకటి అటక మీద పడి ఉన్నదట. దానిని రంగస్థలం మీద వాడవచ్చా? శబ్దమూ పొగా ఎలా చూపించాలి? మొత్తం ఆయుధాల ఖర్చు ఇరవై వేలు దాటకూడదన్నది మా ఇబ్బంది.

బురుజునీడ (కర్నూలు) ఇచ్చిన సమాధానం:

మీకు చురక వేసిన ఆ పెద్దాయన నేను కాను గాని, నేనున్నా అదే అనేవాడిని. చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కనుక కొంచెం విస్తారంగా రాస్తాను, ఓపిక పట్టండి. మీరు తెచ్చుకున్న బోల్టు రైఫిలు లీ-ఎన్‌ఫీల్డ్ అయితే దాని పుట్టుక 1895. రివాల్వరు సంగతి మరీ చిత్రమైనది. అమెరికాలో కోల్ట్ తన మొదటి రివాల్వరుకు పేటెంటు తీసుకున్నది 1836లోనే అయినా, అప్పట్లో తయారైనవి బహు కొద్ది. అది మూడేళ్ళలో తుంగభద్ర ఒడ్డుకు చేరి, ఒక హర్కారా నడుములో దూరిందంటే నమ్మించడానికి మీరు మరో నాటకం రాయవలసి వస్తుంది.

నవాబు కొలువులోని రోహిల్లాలు, అరబ్బులు మొదలైన సైనికుల చేతికి వత్తి తుపాకి ఇవ్వండి. అది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గొట్టాన్ని ఇనుప పట్టీలతోనో తీగతోనో కొయ్యకు బిగించి కడతారు. సురేకారంలో నానబెట్టి ఆరబెట్టిన నూలు తాడే దాని వత్తి. ఆ వత్తి గంటకు కొద్ది అంగుళాల చొప్పున నిదానంగా కాలుతూ ఉంటుంది. మీట నొక్కితే కొయ్య చీలికలో నుంచి లేచిన కొక్కెం ఆ నిప్పును తీసుకుపోయి, గొట్టం పక్కన చెవి అనే సన్నని రంధ్రం దగ్గర పోసిన సన్నమందుకు తాకిస్తుంది. ఆ సన్నమందునే పాతకాలంలో రంజకం అనేవారు.

ఇప్పుడు మీ మొదటి సన్నివేశం చూడండి. వత్తి తుపాకి పట్టుకున్నవాడు చీకట్లో పొంచి ఉండలేడు. ఎర్రని నిప్పుకణం దూరానికే కనిపిస్తుంది, కాలుతున్న నూలు వాసన గాలివాలున ఇంకా ముందే తగులుతుంది. కాబట్టి ఆ సన్నివేశంలో దాగవలసినవాడు కాపలావాడు కాదు, హర్కారా. అతడు చీకట్లో నిలబడి, నిప్పుకణం ఎటు కదులుతున్నదో చూస్తూ కాపలావాడి అడుగులు లెక్కపెట్టుకోవాలి. చెబితే మీరు నమ్మరేమో గాని, మీరు రాసిన సన్నివేశం కంటే ఇదే ఎక్కువ భయపెడుతుంది. కాపలావాడు వత్తి ఆర్పి కూర్చుంటే కనిపించడు నిజమే, అప్పుడు అతడి చేతిలో ఉన్నది తుపాకి కాదు, దుడ్డుకర్ర.

కంపెనీ సిపాయిలది చెకుముకి తుపాకి. ఇంగ్లీషువారు బ్రౌన్ బెస్ అని ముద్దుగా పిలుచుకున్న మస్కెట్టులో ఇండియా ప్యాటర్న్ అనే రకం. ఈ పేరు ఊరికే రాలేదు. కంపెనీ తన సైన్యం కోసం చవకగా, పొట్టిగా చేయించుకున్న నమూనాను 1790ల యుద్ధకాలంలో తుపాకులకు కరువొచ్చి బ్రిటిష్ ప్రభుత్వమే కొని వాడుకోవలసి వచ్చింది. గొట్టం పొడవు 39 అంగుళాలు, గొట్టం లోపలి వ్యాసం ముప్పాతిక అంగుళం, బరువు నాలుగు కిలోలకు పైన. కొసకు తగిలించే మూడంచుల సంగీను (బాయొనెట్టు) 17 అంగుళాలు. సుత్తి బిగించే ఇనుప పలక మీద కంపెనీ గుర్తు ఉంటుంది. మొదట్లో అది హృదయాకారపు ముద్ర, 1808 ప్రాంతం నుంచి నిలబడిన సింహం. మీ సిపాయిల తుపాకి మీద కిరీటం గీయించకండి, సింహాన్ని గీయించండి.

సుత్తి దవడల మధ్య బిగించిన చెకుముకి రాయి ఉక్కు పలకను కొట్టి నిప్పురవ్వలు రాలిస్తే, అవి రంజకానికి అంటుకుని, చెవి గుండా లోపలి మందుకు చేరాలి. ఈ వరుసలో ఎక్కడైనా తేడా వస్తే తుపాకి పేలదు. 1834లో ఇంగ్లండులోని వూలిచ్‌లో ఆరేసి తుపాకులతో, ఆరేసి వేల గుళ్ళతో ఒక పరీక్ష జరిపారు. చెకుముకి తుపాకులు 922 సార్లు మొరాయించగా, సుత్తి దెబ్బకు అంటుకునే మందున్న చిన్న రాగి టోపీతో పేలే కొత్త రకం మొరాయించినది 36 సార్లే. అంటే చెకుముకి తుపాకి ఆరేడు సార్లలో ఒకసారి మోసం చేసేది. ఆ పరీక్ష తరువాతనే బ్రిటిష్ సైన్యం రాగి టోపీల వైపు మొగ్గింది. ఇక్కడి కంపెనీ పటాలాలకు అవి చేరడం 1840లలో మొదలైంది. కనుక 1839 అక్టోబరులో జోహరాపురం దగ్గర నిలబడిన సిపాయి చేతిలో చెకుముకి తుపాకి ఉండటమే సబబు. అయితే ఒక ఆంగ్ల అధికారి సొంత డబ్బుతో కొనుక్కున్న వేట తుపాకికి రాగి టోపీ ఉంటే తప్పుపట్టలేము, ఎందుకంటే డబ్బున్న వేటగాళ్ళ చేతుల్లో ఆ పద్ధతి అప్పటికే ఏళ్ళ తరబడి ఉన్నది.

రెండవ సన్నివేశం నిలవదు. పిస్తోలు ఒక్కసారే పేలుతుంది. మళ్ళీ దట్టించాలంటే నిలబడి, మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి, రంజకం పోసి, సుత్తి ఎత్తాలి. బాగా తర్ఫీదు పొందిన సిపాయి మస్కెట్టుతో నిమిషానికి మూడు సార్లు పేల్చేవాడంటే అది కవాతు మైదానంలో, పరుగెత్తుతూ కాదు. మీ హర్కారాకు ఒక్క గుండు ఇవ్వండి. అది ఎప్పుడు వాడాలా అన్నదే అతడి సమస్య కావాలి. ఇంకో మాట. తుపాకి మందు కాలితే దట్టమైన తెల్లని పొగ కమ్ముకుంటుంది. పొగరాని మందు 1884లో గాని ఫ్రాన్సులో తయారు కాలేదు. మూసిన గదిలో ఒక్క పిస్తోలు పేలినా ఎదుటివాడి ముఖం ఒక క్షణం మసకబారుతుంది. తప్పించుకునేవాడికి ఆ పొగే తెర.

ఆదోని_రసికుడు (ఆదోని) రాసినది:

బురుజునీడ గారి పాండిత్యానికి నమస్కారం చేస్తూనే ఒక మాట అంటాను. నాటకం చూడటానికి వచ్చేవారిలో తుపాకి పుట్టిన సంవత్సరం తెలిసినవారు వందకు ఒకరుండరు. నటన బాగుంటే కర్ర పట్టుకున్నా తుపాకి అని నమ్ముతారు, నటన చెడితే లండన్ నుంచి అసలు బ్రౌన్ బెస్ తెప్పించినా ప్రయోజనం లేదు. మన పల్లెల్లో అట్టముక్కల గదతోనే భీముడు దుర్యోధనుడి తొడ విరగ్గొట్టలేదా? ఇరవై వేలలో సగం తుపాకులకు పోస్తే లైట్లకూ మైకులకూ ఏం మిగులుతుంది?

బురుజునీడ:

గద విషయంలో మీతో ఏకీభవిస్తాను, ఎందుకంటే గద అట్టదైనా ఇనుపదైనా భీముడు దానిని ఎత్తి కొట్టడమే చేస్తాడు. తుపాకి అలా కాదు. నాలుగు గుళ్ళు పేల్చగలవాడు పరుగెత్తుతాడు, ఒక్క గుండే ఉన్నవాడు ఆగి ఆలోచిస్తాడు. మీరు కర్రనే ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు, కాని ఆ కర్ర ఒక్కసారే పేలాలి.

తెరవెనుక_కడప (కడప) ఇచ్చిన సమాధానం:

హంద్రీగాలి గారికి, మాస్టారుగారికి నమస్కారాలు. మా తాతది సురభి గ్రామానికి దగ్గరి పల్లె. 1885లో అక్కడ మొదలైన సురభి నాటకాల మాయామశ్చీంద్రాలన్నీ చిన్నప్పుడు ఆయన నోట విన్నవాడిని, ఇప్పుడు కొయ్యపనితో పాటు నాటకాలకు సామాను చేసిపెడుతున్నవాడిని. మీ ఖర్చు సంగతి ముందు చెబుతాను. అన్ని తుపాకులూ ఒకే నాణ్యతతో చేయించకండి. ప్రేక్షకులకు దగ్గరగా, వెలుతురులో చేతులు మారే తుపాకి ఒక్కటి, హర్కారా పిస్తోలు ఒక్కటి శ్రద్ధగా చేయించండి. పోరు సన్నివేశంలో వెనుక వరుసలో నిలబడే ఆరేడు తుపాకులకు ఆకారం, పొడవు సరిపోతే చాలు. ఆదోని మిత్రుడి మాట ఆ వెనుక వరుస విషయంలో అక్షరాలా నిజం.

గొట్టానికి నీళ్ళ పైపు దుకాణంలో దొరికే 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు వాడండి. మాస్టారుగారు చెప్పిన ముప్పాతిక అంగుళం అంటే 19 మిల్లీమీటర్లు. ఈ పైపు లోపలి వ్యాసం దానికి బాగా దగ్గరగా వస్తుంది, మూతి చూసినవారికి తేడా తెలియదు. పైపు నున్నని మెరుపు పోయేలా గరుకు కాగితంతో రుద్ది, నల్లరంగులో చిటికెడు వెండిరంగు కలిపి పూస్తే ఇనుములా కనిపిస్తుంది. అసలు గొట్టం మూతి దగ్గర సన్నగా, వెనుక వైపు లావుగా ఉంటుంది కనుక వెనుక అడుగున్నర మేర జనపనార గుడ్డను ఫెవికాల్‌తో చుట్టి లావు తెప్పించండి. కొయ్యకు కొత్త టేకు కొనే పని లేదు, పాత ఇళ్ళు కూల్చినచోట దొరికే తలుపు చట్రాలు చాలు. తుపాకి మడమకు (భుజానికి ఆనించే కొసకు) వేసే పట్టీ, మీట చుట్టూ ఉండే కవచం అసలు తుపాకికి ఇత్తడివే కనుక ఇత్తడి రేకు వాడితే ఖర్చు తక్కువ, కళ ఎక్కువ.

ఇనుప గొట్టం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. పీవీసీ పైపులో కూడా మూతికి నాలుగు వేళ్ళ లోపల కొయ్య బిరడా బిగించి మూసేయండి. కుర్రవాళ్ళున్న బృందాల్లో ఎవడో ఒకడు దీపావళి మందు తెచ్చి "ఒక్కసారి చూద్దాం" అనకమానడు. గంధకమూ పొటాషూ దట్టించి కొట్టే ఇనుప గొట్టాలతో పల్లెల్లో ఎన్ని వేళ్ళు పోయాయో మీకూ తెలిసే ఉంటుంది.

బరువు గురించి ఎవరూ అడగరు గాని అసలు కష్టం అక్కడే ఉంది. తేలికైన తుపాకిని నటుడు గొడుగులా ఊపుతాడు, ఒంటిచేత్తో చాస్తాడు, ప్రేక్షకుడికి పేరు తెలియకపోయినా అది బొమ్మ అని వెంటనే తెలిసిపోతుంది. అందువల్ల పైపు అడుగు భాగంలో ఇసుక నింపి, మడమలో తొలిచి ఇనుప ముక్కలు పెట్టి, మూడు కిలోలకు తెప్పించండి. రిహార్సల్ మొదటి రోజు నుంచే అదే ఇవ్వండి. పది రోజుల్లో భుజం తనంతట తానే నేర్చుకుంటుంది.

ఇక పేలడం. చెకుముకి తుపాకి పేలేటప్పుడు ముందు చెవి దగ్గర రంజకం భగ్గుమంటుంది, క్షణంలో చిన్న వంతు గడిచాక గొట్టం మూతిలో మంట వస్తుంది. నేనైతే రంజకం పళ్ళెంలో చిన్న ఎల్‌ఈడీ దీపం అమర్చి, మీటకు కలిపి, తెల్లగా ఒక్కసారి మెరిసేలా చేస్తాను. శబ్దం మాత్రం తెర వెనుక నుంచి ఇవ్వాలి. రికార్డు చేసిన శబ్దం కంటే, ఖాళీ నూనె డబ్బా మీద తడిపిన మందపాటి తోలుతో కొట్టినది హాలులో బాగా పలుకుతుంది. మెరుపుకూ శబ్దానికీ మధ్య ఆ కొద్దిపాటి ఎడం ఉంచండి, ఆ ఎడమే చూసేవాడి ఊపిరి బిగపట్టిస్తుంది. పొగకు పెళ్ళి మంటపాల్లో వాడే పొగ యంత్రం అద్దెకు తెచ్చి రంగస్థలం పక్క తెరల చాటున పెట్టండి. మైదాపిండి ఎగరేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. గాలిలో పలుచగా లేచిన పిండి నిప్పు తగిలితే అంటుకుంటుంది, రంగస్థలం మీద నూనె దీపాలు ఎలాగూ ఉంటాయి. వత్తి తుపాకి నిప్పుకు కూడా ఎర్ర ఎల్‌ఈడీనే వాడి, చుట్టూ బూడిదరంగు దూది అంటించండి.

ఎవరూ ఎవరి మీదికీ సూటిగా గురిపెట్టకూడదు. ఎదుటివాడి భుజానికి రెండడుగులు పక్కగా, రంగస్థలం వెనుక మూలకు గురిపెడితే కింద కూర్చున్నవారికి గుండెకు గురిపెట్టినట్టే కనిపిస్తుంది. బొమ్మ తుపాకులకు ఇంత ఎందుకని నవ్వుతారేమో. 1984లో అమెరికాలో ఒక గూఢచారి టీవీ ధారావాహిక చిత్రీకరణలో జాన్-ఎరిక్ హెక్సమ్ అనే నటుడు సరదాకు కణతకు పెట్టుకుని పేల్చుకున్నది గుండు లేని ఖాళీ తూటానే, ప్రాణం పోయింది. 1993లో నటుడు బ్రాండన్ లీ, 2021లో న్యూ మెక్సికోలో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చిత్రీకరణ తుపాకులకే బలయ్యారు. అలవాటు బొమ్మతోనే మొదలవుతుంది.

నల్లకోటు_అనంత (అనంతపురం) ఇచ్చిన సమాధానం:

అటక మీది తుపాకి గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక న్యాయవాదిగా ఆ ముక్క నేను చెబుతాను. దానిని కిందికి దించి రిహార్సల్‌కు తేవద్దు. మందు దట్టించే తుపాకి పాతదే కావచ్చు, 1959 నాటి ఆయుధాల చట్టం కింద దానిని దగ్గర ఉంచుకోవడానికి కూడా లైసెన్సు కావాలి. పాతకాలపు, పురావస్తు విలువ గల, చెడిపోయిన ఆయుధాలకు ఆ చట్టంలోని 45వ సెక్షను మినహాయింపు ఇస్తున్న మాట వాస్తవమే, కాని ఆ మినహాయింపుకు ఒక షరతు ఉంది: మరమ్మతు చేసినా, చేయకపోయినా అది తుపాకిగా పనికిరానిదై ఉండాలి. తుప్పు పట్టింది కదా అని మీరనుకుంటారు, ఒక కమ్మరి రెండు రోజుల్లో బాగుచేయగలడని ఎదుటి పక్షం వాదిస్తుంది. తాతగారి పేరిట లైసెన్సు ఉండి ఆయన కాలం చేసి ఉంటే, 21వ సెక్షను ప్రకారం వారసులు ఆ తుపాకిని జాప్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గర గాని జమ చేసి ఉండవలసింది. మీ సభ్యుడు ముందు ఆ పని ఎలా సరిచేసుకోవాలో తెలిసినవారిని కలవాలి. నాటకం సంగతి తరువాత.

కడప మిత్రుడు చెప్పిన కొయ్య, పీవీసీ నమూనాలకు ఆ చిక్కు లేదు. బొమ్మగా తప్ప పనికిరానివి, పనిచేసే ఆయుధాలుగా మార్చడానికి వీలులేనివి అసలు "ఆయుధాలు" అనే నిర్వచనంలోకే రావు. ఇనుప గొట్టం వద్దని ఆయన అన్నది వేళ్ళ కోసం, నేను అదే మాట చట్టం కోసం అంటున్నాను. నమూనా తుపాకిని అసలు తుపాకిగా మార్చడానికి విడిగా లైసెన్సు కావాలని 6వ సెక్షను చెబుతున్నది. తుపాకి మందు తయారుచేయడం, నిల్వ చేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తాయి. చట్టం అడిగినా అడగకపోయినా ఒక మంచి అలవాటు చెబుతాను: ప్రదర్శన తేదీ, స్థలం, నమూనాల సంఖ్య రాసి, వాటి ఫొటోలు జతచేసి స్థానిక స్టేషనులో ఒక కాగితం ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. వాటిని గుడ్డ సంచుల్లో కట్టి తీసుకెళ్ళండి. బస్టాండులో పది తుపాకుల కట్ట భుజాన వేసుకుని నిలబడితే ఏమవుతుందో ఊహించడానికి న్యాయశాస్త్రం చదవనక్కరలేదు.

హంద్రీగాలి:

అందరికీ కృతజ్ఞతలు. అద్దె రివాల్వరూ రైఫిళ్ళూ నిన్ననే తిరిగి ఇచ్చేశాము. అటక తుపాకి విషయం మా సభ్యుడు వాళ్ళ నాన్నగారితో మాట్లాడి ఒక న్యాయవాదిని కలుస్తున్నారు. తోట సన్నివేశాన్ని బురుజునీడ గారు చెప్పినట్టు తిరగరాసి, దీపాలన్నీ ఆర్పి, ఎర్ర దీపం ఒక్కదానితో చేసి చూశాము. నాలుగు నిమిషాలపాటు ఒక్క మాట లేకుండా సాగింది, గదిలో ఉన్న మా వాళ్ళే కదల్లేదు.

రెండవ సన్నివేశంలోనే పీటముడి పడింది. హర్కారా పాత్రధారి ఒక్క గుండుకు ఒప్పుకున్నాడు గాని, ఆ ఒక్క గుండుతో అతడు శత్రువును కొట్టాలా వద్దా అన్న దగ్గర బృందం రెండుగా చీలింది. అదీగాక, దాణా వ్యాపారి కాదని నవాబు మనిషి పసిగట్టడానికి మేము పెట్టిన ఆధారం ఒక ఉత్తరం. నడుము పట్టీలో నుంచి ఉత్తరం జారిపడటం అందరూ చేసేదే కదా అని మాకే చప్పగా ఉంది. తుపాకుల వైపు నుంచి ఏదైనా ఆధారం దొరుకుతుందా, మాస్టారూ?

బురుజునీడ:

దొరుకుతుంది. మీ హర్కారా ఆ పనికి రాకముందు కంపెనీ పటాలంలో ఏడెనిమిదేళ్ళు సిపాయిగా ఉన్నాడని రాసుకోండి. చెకుముకి తుపాకిని భుజానికి ఆనించి పేల్చేవాడి కుడి చెంపకు రంజకం పళ్ళెం జానెడు దూరంలో ఉంటుంది. భగ్గుమన్న ప్రతిసారీ కాలీకాలని మందు రేణువులు ఎగిరి చర్మంలో దిగబడి, పచ్చబొట్టు చుక్కల్లా నల్లగా ఉండిపోతాయి. ఎంత రుద్దినా పోవు. దాణా వ్యాపారి చెంపకు ఆ చుక్కలు ఎందుకుంటాయి? నవాబు మనిషి కూడా తుపాకి పట్టినవాడే కనుక చూడగానే గుర్తుపట్టగలడు. మొదటి అంకంలో ఇద్దరూ దాణా ధర గురించి బేరమాడుతున్నప్పుడు అతడి చూపు ఒక్కసారి ఆ చెంప మీద ఆగితే చాలు, మాట అనవసరం. కాటుకలో కొంచెం ఆముదం కలిపి గడ్డి పుల్లతో చుక్కలు పెట్టించండి, ఖర్చు రూపాయి కూడా కాదు. జోహరాపురం సన్నివేశంలో సిపాయిల పెదవులకు కూడా అదే మసి పూయండి, ఎందుకంటే కాగితపు తూటా కొసను పళ్ళతో కొరికి చించడం వారి కవాతులో భాగం.

ఇక ఆ ఒక్క గుండు సంగతి. అది పేలాలో వద్దో మీ బృందం తేల్చుకోలేకపోతే చెకుముకి రాయికే వదిలేయండి. కడప మిత్రుడు పెడతానన్న దీపం పళ్ళెంలో భగ్గుమనాలి, హాలంతా శబ్దం కోసం చెవులు రిక్కించాలి, శబ్దం రాకూడదు. రంజకం అంటుకుని లోపలి మందు అంటుకోకపోవడం ఆ తుపాకులకు మామూలే.

తెరవెనుక_కడప:

అలాగైతే దీపానికి రెండు మీటలు పెడతాను, ఒకటి నటుడి వేలి కింద, ఒకటి తెర వెనుక నా దగ్గర. పిస్తోలు గొట్టం తొమ్మిది అంగుళాలు చాలునా మాస్టారూ? కొయ్య రేపు కోయిస్తున్నాను.

బురుజునీడ:

తొమ్మిది అంగుళాలంటే గుర్రపు రౌతు జీనుకు వేలాడే పిస్తోలు కొలత, దాణా మూట కింద దాచుకునేది కాదు. వేగులవాడికి నాలుగు, మహా అయితే ఐదు అంగుళాలు చాలు. కొయ్య పిడిని గుండ్రంగా వంచండి.